హొళగుంద అత్త గుండె

హొళగుంద ఊళ్ళో ఉండే మా నాన్న అక్కను మేమంతా హొళగుంద అత్త అనేవాళ్ళం. ఉన్నట్టుండి పెద్ద చప్పుడైతే చాలు, ఆమె కుప్పకూలిపోయేది. ఫిట్స్ అనుకుని చేతిలో తాళాల గుత్తి పెట్టేవాళ్ళం. కాసేపటికి లేచి, రొమ్ము మీద అరచెయ్యి ఆనించుకుని ప్రతిసారీ అదే మాట అనేది: "గుండె ఒక తూరి నిలబడి, మళ్ళా కొట్టుకుంటాది పాపా."

"బోకులు తోమాల్సొచ్చినప్పుడే నిలబడతాదా వదినా నీ గుండె?" అని మా అమ్మ నవ్వేది.

నేను చేసింది రాయడానికి సిగ్గుగా ఉంది. ఇంటర్ చదివేటప్పుడు ఆదోనిలో మా ఇంటికి వచ్చిన అత్తది నాటకమేనని తేల్చాలని, ఆమె వెనక నిలబడి స్టీలు తాంబాళం నేలకేసి కొట్టాను. ఆమె పడిపోయింది. నేను పగలబడి నవ్వాను.

ఈ మధ్య ఎమ్మిగనూరులో మా ఇంట్లో కుక్కర్ విజిల్ వేస్తే నా నాలుగేళ్ళ కూతురు అట్లాగే పడింది. కర్నూలు డాక్టరు ఈసీజీ చూసి, ఇది వంశంలో దిగే గుండె లయ జబ్బు కావచ్చనీ, రక్తసంబంధీకులకూ పరీక్షలు చేయాలనీ చెప్పాడు. "మీ వాళ్ళలో ఇట్లా పడిపోయేవాళ్ళు ఉన్నారా?" అని అడిగితే, "ఎవరూ లేరు" అన్నాను. అత్తది జబ్బనే ఆలోచనే నాకు ఎప్పుడూ రాలేదు. ఇంటికొచ్చాక గుర్తొచ్చి అత్తకు ఫోన్ చేస్తే, మర్నాడే బస్సెక్కి వచ్చింది.

ఆమె ఈసీజీలోనూ అదే తేడా కనిపించింది. డాక్టరు కోప్పడ్డాడు. "ఇన్నేళ్ళూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదా అమ్మా?"

అత్త ఒకసారి నా వైపు చూసింది.

"లేదు సార్. నేనే యెవురికీ సెప్పల్యా" అంది.