అవతలింటి స్పీకరు

స్విచ్చి వేసిన కాసేపటికి మా రేడియో సెట్టులోంచి ఒక వాసన వస్తుంది. ఏళ్ళ తరబడి లోపల పేరుకున్న దుమ్ము వేడెక్కే వాసన, దానితో కలిసి చెక్క పెట్టెకి పట్టిన పాత వార్నిషు వాసన, వాటి అడుగున ఎక్కడో, నిజంగా ఉందో నేనే ఊహించుకుంటున్నానో గానీ, కుండల్లో ఉడుకుతున్న పసుపు వాసన. విశాఖపట్నంలో నా ఫ్లాటు ఖాళీ చేసి ఇంతకన్నా చిన్నదానికి మారాల్సి వచ్చి, అటక మీది సామానంతా కిందికి దించిన రోజున దీన్ని తుడిచి ప్లగ్గు పెట్టాను. అంకెల పలక వెనక లేతపచ్చ దీపం వెలిగింది, ఉన్న ఒక్క స్పీకరునీ కుడివైపు తగిలిస్తే పాట వచ్చింది, ఎడమవైపు తగిలిస్తే కిక్కురుమనలేదు. నాన్న చివరి ఏళ్ళలోనూ అంతే, ఆయన పోయాకా అంతే, మా స్టీరియో ఇన్నాళ్ళూ ఒంటివైపే పాడుతూ వచ్చింది.

మా తమ్ముడు చిన్నబాబుకి పాత సామాను మీద జాలి లేదు. ఇలాంటి సెట్ల కోసం వెర్రెత్తిపోయే మనిషినొకణ్ణి ఫోనులో వెతికి పట్టాడు. బాగు చేయించక్కర్లేదట, ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటాడట, కాకపోతే దీంతో పుట్టిన రెండు స్పీకర్లూ ఉండాలట. మెకానిక్కుని పిలిస్తే అతనూ మూత విప్పి చూసి, దీని సామాను ఇప్పుడు దొరకదనీ, ఇంకో చచ్చిన సెట్టులోంచి పీకి వేయాలనీ, ఆ తిప్పలు పడే కంటే వచ్చిన బేరానికి ఇచ్చేయమనీ అన్నాడు. అందరూ అంత ముచ్చటగా ఒక్క మాట మీదికి వచ్చాక నాకు మిగిలిన పని రెండో స్పీకరు తెచ్చుకోవడం ఒక్కటే. అది నా దగ్గర లేదు. డుంబ్రిగుడలో, మా చిన్నప్పటి ఎదురింట్లో ఉంది.

నాన్న డుంబ్రిగుడ పశువుల ఆస్పత్రిలో కాంపౌండరు. మాది కింద మైదానంలో చీపురుపల్లి వైపు ఊరు. నాన్నకి కొండ మీద ఉద్యోగమనేసరికి మా బంధువులు చలిజ్వరాల పేరు చెప్పి ముందే ఏడ్చి పెట్టారు గానీ, మేం పిల్లలం ఆ కొండల్లో పడ్డాక కిందికి దిగమన్నా దిగేవాళ్ళం కాదు. వానాకాలమంతా గుమ్మంలోకి మబ్బు వచ్చి కూర్చునేది, ఆరేసిన బట్టలు వారం గడిచినా తడి వాసన కొడుతూనే ఉండేవి, పొయ్యి మీద చోడి అంబలి ఉడుకుతుంటే దాని ఆవిరికి చేతులు కాచుకుంటూ ముందు ఎవరికని కొట్టుకునేవాళ్ళం. వానలు వెనకబట్టాక వలిసె చేలు పూసి కొండవాలంతా పసుపు రంగెక్కేది. చలికాలం చివర్లో ఇంటింటి ముందూ పెద్ద కుండల్లో పసుపు కొమ్ములు ఉడికేవి, ఆ ఘాటు మా జుట్టుకి, పుస్తకాలకి, చివరికి అమ్మ పెట్టిన ముద్దపప్పుకి కూడా పట్టేది. సంత రోజున అడ్డాకుల కట్టలూ చింతపండు గంపలూ నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు వరసగా మా వీధిలోంచే దిగేవాళ్ళు. చైత్రంలో ఇటుకల పండగొస్తే మగవాళ్ళంతా వేటకని అడవిలోకి పోయేవాళ్ళు, ఊళ్ళో మిగిలిన ఆడవాళ్ళు దారికి అడ్డంగా కర్ర పెట్టి మా నాన్నని కూడా వదలకుండా ఆటపట్టించేవాళ్ళు. రాత్రిళ్ళు థింసా ఆడేవాళ్ళ అడుగుల చప్పుడు వింటూ నిద్రపోయేవాళ్ళం.

ఎదురింట్లో సుక్రి మామ్మా, ఆవిడ మనవరాలు బుద్రీ ఉండేవాళ్ళు. శుక్రవారం పుట్టింది కాబట్టి మామ్మ సుక్రి, బుధవారం పుట్టింది కాబట్టి నా స్నేహితురాలు బుద్రి. నేను శనివారం పుట్టానని తెలిసిన దగ్గర్నుంచీ బుద్రి నన్ను లలితా అని పిలవడం మానేసి, కోపం వచ్చినప్పుడల్లా శని అని పిలిచేది. మామ్మ ఒకప్పుడు చింతపండు రాలుస్తూ చెట్టు మీంచి పడింది, విరిగిన కాలు సరిగ్గా అతకలేదు. అందుకని గుమ్మం దాటేది కాదు, గోడకి చేరబడి కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరి యోగక్షేమాలూ అక్కణ్ణించే విచారించేది. చెవులు కూడా కొంచెం మందం కావడంతో ఆవిడ అడిగే రహస్యాలు వీధి చివరికి వినబడేవి.

ఒకసారి నాన్న డ్యూటీ మీద సీలేరు వెళ్ళాడు. అక్కడి కరెంటు ప్రాజెక్టు కాలనీలో ఒక ఇంజినీరు బదిలీ అయి వెళ్ళిపోతూ ఇంటి సామాను వదిలించుకుంటున్నాడు. అందులో ఈ జపాను సెట్టు నాన్న కంటబడింది. రేడియో, దానికి తగిలించిన క్యాసెట్ పెట్టె, రెండు స్పీకర్లు. స్పీకర్లని గోనెసంచుల్లో కట్టి బస్సు మీదికెక్కించి, సెట్టుని దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, ఘాటు రోడ్డు మలుపుల్లో పక్కవాళ్ళంతా వాంతులు చేసుకుంటుంటే దాని మీద ఒక్క చుక్క పడకుండా కాపాడుకుంటూ తెచ్చాడు. కండక్టరు దానికి కూడా టికెట్టు కొట్టబోతే, "ఇది నా సంటిపిల్ల, ఒల్లోనే కూకుంటాది" అన్నాడట. ఆ మాట ఆయన చెప్పుకుని నవ్వని పండగ లేదు.

ఆ ఇంజినీరు అమ్మేటప్పుడు ఒకటే జాగ్రత్త చెప్పాడు, రెండు స్పీకర్లూ దూరదూరంగా పెట్టాలని. ఎందుకు, ఎంత దూరం అనేది ఆయన చెప్పలేదు, మా నాన్న అడగలేదు. మాది రెండు గదుల క్వార్టరు. ఒకటి ముందు గదిలో పెట్టి, రెండోది చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరుగుతున్నాడు. అప్పుడు ఎదురుగుమ్మంలోంచి మామ్మ కేక వినబడింది.

"ఏటి బాబూ, ఆ పాట మా గుమ్మం కాడికొచ్చి ఎనక్కెలిపోతంది. లోపలికి రాదేటి?"

నాన్న ఆ రెండో స్పీకరు వైపు చూశాడు, వీధి అవతలికి చూశాడు.

"దూరంగా ఎట్టమన్నాడు కదేటి ఆ ఇంజినీరు బాబు. ఇంతకంటే దూరం మనకెక్కడుంది?" అని అమ్మతో అన్నాడు.

సాయంత్రానికి మా చూరు నుంచి వాళ్ళ చూరుకి, మధ్యలో వెదురు గెడ ఆసరాగా, తీగ వేశాడు. మామ్మ ఇంట్లో అప్పటికింకా కరెంటు లేదు. కిరసనాయిలు బుడ్డి వెలుగులో ఆ నల్లటి డబ్బా గొంతు విప్పి పాడుతుంటే బుద్రి దాని వెనక్కి వెళ్ళి వెతికింది. మామ్మ మాత్రం ఏమీ వెతకలేదు. స్పీకరుని తన పక్కన గోడకి ఆనించి పెట్టించుకుని, ముందున్న గుడ్డ మీద అరచెయ్యి ఆనించి, పాట ఎక్కడెక్కడ అదిరితే అక్కడక్కడ తల ఊపుతూ వింది. ఆ రోజునుంచీ ఆవిడ పాట వినడమంటే అదే.

స్టీరియో అంటే ఒక పాటని రెండుగా పంచి రెండు వైపులా వినిపించడమని మాకెవరికీ తెలియదు. మా ఇంట్లో ఒక యుగళగీతం క్యాసెట్టు ఉండేది. అందులో మగమనిషి ఏదో అడుగుతాడు, తరవాత వయొలిన్లు కాసేపు సణుగుతాయి, మళ్ళీ అడుగుతాడు. జవాబు రాని ఆ మనిషి మీద నాకు చెప్పలేనంత జాలి వేసేది. ఒకనాడు గవ్వలాడుతూ ఆ మాటే అంటే బుద్రి ఆట ఆపేసి నా మొహంలోకి చూసింది.

"అడగడమేటి? ఆ పాటలో మగోడెక్కడున్నాడే గుంటా? ఆడమనిసి కదేటి, పిల్లనగోయి ఎనకాల పాడతన్నాది!"

జుట్లు పట్టుకునేదాకా వెళ్ళింది. చివరికి పందెం వేసుకుని అది మా ఇంట్లో కూర్చుంది, నేను మామ్మ పక్కన కూర్చున్నాను. చిన్నబాబు క్యాసెట్టు నొక్కాడు. మామ్మ ఇంటి స్పీకరులో ఆడగొంతు వచ్చింది. ఆయన అడిగినవాటన్నిటికీ ఒక్కటీ వదలకుండా, మధ్యమధ్య నవ్వుతూ, జవాబు చెప్పింది. నేను లేచి వీధిలోకి పరుగెత్తాను. అటునుంచి బుద్రీ పరుగెత్తుకొస్తోంది. సరిగ్గా తీగ కింద, వీధి మధ్యలో ఇద్దరం ఢీకొన్నాం. అక్కడ నిలబడితే ఒక చెవిలో అతను, ఒక చెవిలో ఆమె.

తరవాత్తరవాత ఆ సంగతి ఊరందరికీ తెలిసింది. సంత నుంచి తిరిగొచ్చేవాళ్ళు నెత్తిన గంపలతోనే తీగ కింద ఆగేవాళ్ళు. జీలుగు కల్లు తాగొచ్చిన పెద్దమనుషులు ఏ వైపు తిరిగి నిలబడాలో తేల్చుకోలేక చుట్టూ తిరిగేవాళ్ళు. రెండు స్పీకర్లనీ ఒకే ఇంట్లో పెట్టొచ్చు కదా అని ఒక మాస్టరుగారు నాన్నకి సలహా చెప్పాడు. "అలాగేనండి" అన్నాడు నాన్న. తీగ మాత్రం ముట్టుకోలేదు.

అలా ఎన్ని వానాకాలాలు గడిచాయో గుర్తులేదు. చివరి వానాకాలంలో ఒక సాయంత్రం పెద్ద గాలివాన వచ్చి గెడ విరిగి తీగ కింద పడింది. పైతొడుగు ఊడి లోపలి రాగితీగలు రెండూ ఒకదాన్నొకటి అంటుకున్నాయి. సెట్టు అప్పుడు పాడుతూనే ఉంది. ఎడమవైపు కాలిపోయిందని ఇప్పుడు మెకానిక్కు చెబితే తెలిసింది గానీ, ఆనాడు తీగ మళ్ళీ ఎత్తి కట్టినా మామ్మ ఇంట్లోకి పాట ఎందుకు రావడం లేదో నాన్నకి అంతుబట్టలేదు.

"ఏటైనాది? అలిగీసినాదేటి?" అని మామ్మ రోజూ అడిగేది.

విశాఖపట్నం తీసుకెళ్ళి చూపిద్దామనుకునేలోగా నాన్నకి బదిలీ వచ్చింది. లారీలో సామాను ఎక్కించాక నాన్న ఎదురింట్లోకి వెళ్ళి, స్పీకరు వైపు చూసి, ఉత్త చేతులతో వచ్చేశాడు.

ఆ స్పీకరు కోసమే మొన్న డుంబ్రిగుడ వెళ్ళాను. పశువుల ఆస్పత్రి క్వార్టరు ఎప్పుడో పడిపోయింది. ఆ చోట ఇప్పుడు బుద్రి కోడలు రేకుల పందిరి వేసి, అరకు చూడ్డానికొచ్చేవాళ్ళకి కాఫీ అమ్ముతోంది. వీధి సిమెంటు రోడ్డయింది. బుద్రి తల నెరిసింది, నాదీ నెరిసింది, అయినా నన్ను చూడగానే "శనొచ్చిందిరోయ్" అని కోడలికి వినబడేలా అరిచింది. మామ్మ పోయి చాలాకాలమైందని నాకు తెలుసు. గోడ పక్కన ఆవిడ కూర్చునే చోటు అలాగే ఉంది, దాని పక్కన స్పీకరూ అలాగే ఉంది.

"మీదే కదా, అట్టుకెల్లు" అంది బుద్రి.

ఎత్తబోతూ ఆగాను. స్పీకరు ముందున్న గుడ్డ అంతా బాగానే ఉంది. ఒక్కచోట మాత్రం, అరచెయ్యి ఆనేంత మేర, పోగులు అరిగి జల్లెడైపోయింది. మేమున్నన్నాళ్ళలో అంత అరిగిన గుర్తు లేదు.

"ఉన్నన్నాల్లూ సాయంత్రమైతే దీని మీద సెయ్యేసి కూకునీది" అంది బుద్రి. "పాట రాదు కదే మామ్మా అంటే, 'అవతలింట్లో పాడతన్నారే, మనకే రాలేదు గావాల' అనీది. ఆల్లెలిపోనారని ఎన్నిసార్లు సెప్పినా ఇనీది కాదు."

నాకు దుఃఖం ఆగలేదు. అక్కడే, ఆవిడ చోటులోనే కూర్చుని ఏడ్చాను. బుద్రి కాఫీ తెచ్చి పెట్టింది.

స్పీకరు ముట్టుకోకుండా తిరిగొచ్చి, అమ్మడం లేదని, బాగు చేయిస్తానని తమ్ముడికి ఫోనులో చెప్పాను.

"బాగు చేయించి ఏం చేసుకుంటావక్కా? కొత్త ఇంట్లో పెట్టడానికి చోటెక్కడ?" అని విసుక్కున్నాడు.

విన్నదంతా చెప్పాను. "క్యాసెట్లు నా దగ్గరున్నాయి, పంపిస్తాను" అన్నాడు. పాత సామాను మీద జాలి లేదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మెకానిక్కు గొణుక్కుంటూనే ఎక్కడో ఇంకో సెట్టు సంపాదించి ఎడమవైపుకి ప్రాణం పోశాడు. తన కొట్టులోని స్పీకర్లు తగిలించి, నన్ను మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టి ఆ యుగళగీతం పెట్టాడు. ఒక గదిలో, కదలకుండా కూర్చుని, ఆ పాట మొత్తం వినడం నాకు అదే మొదలు. ఎంత బాగుందో. అయినా నా కాళ్ళు ఎటో పరుగెత్తడానికి ఆరాటపడ్డాయి.

"ఇంట్లోనూ ఇలాగే పెట్టుకోండమ్మా. తీగ కొంచెం చాలు" అన్నాడు.

"చాలదు బాబూ, వీధి దాటాలి" అన్నాను.

మళ్ళీ డుంబ్రిగుడ వెళ్ళి, కాఫీ పందిట్లో సెట్టూ దాని స్పీకరూ పెట్టి, బుద్రి కొడుకు చేత కరెంటు స్తంభానికి దూరంగా ఎదురింటికి గట్టి తీగ వేయించాం. పాట మొదలవగానే మేమిద్దరం సిగ్గు విడిచి వీధి మధ్యకి పరుగెత్తాం. అరకు నుంచి వచ్చే కారొకటి మా వెనక ఆగి హారను మోగించింది, దాని వెనక ఇంకొకటి. ఇదివరకు గంపలు దించకుండా జనం నిలబడిపోయిన చోటు అది. ఇప్పుడు అక్కడ ఎవరూ నిలబడరు, నిలబడనివ్వరు. పక్కకి తప్పుకుని బుద్రి ఇంట్లోకి వెళ్ళాం.

లోపల ఎవరూ లేరు. ఆడగొంతు ఖాళీ గదిలో జవాబు చెప్పుకుంటోంది. బుద్రి వంగి, అరిగిన ఆ గుడ్డ మీద అరచెయ్యి ఆనించి, కాసేపు అలాగే ఉండి, గోడకేసి చెప్పింది.

"వొచ్చీసింది మామ్మా. మనకీ వొచ్చీసింది."