లేత జొన్న

మొన్న పొద్దున వంటింట్లోకి వెళితే నా బిడ్డ గాజుగిన్నెలో జొన్న మొలకలు కడుగుతోంది. వేలెడు పొడుగు, లేతాకుపచ్చ. పచ్చివే తింటే రక్తం పడుతుందని ఫోన్‌లో ఎవరో చెప్పారట. గిన్నె లాక్కుని చెత్తబుట్టలో బోర్లించాను. "ఏందమ్మా గిది! పెసర్లు మొలకలొస్తే మంచివి, జొన్నలొస్తే పాపమా?" అని నా మీదికి లేచింది. వాదించడంలో నా బిడ్డే కదా. "నువ్వు తిన్నవా?" అన్నాను. "ఇంకా లేదు." పీట లాక్కుని కూర్చున్నాను.

జొన్నల గొప్పతనం ఫోన్‌లో చెప్పేవాళ్ళు కొల్లలు. లేత మొక్కలో సైనైడు పుట్టించే పదార్థం ఉంటుందని, పశువులు మేయకుండా మొక్క పెట్టుకున్న కాపలా అదని, వాన ముఖం చాటేసి వాడిన చేలో అది మరీ ఎక్కువవుతుందని, పండిన గింజలో దాదాపు ఉండదని చెప్పేవాడు ఒక్కడూ లేడు. నేనిదంతా డిగ్రీలో కెమిస్ట్రీ చదివి తెలుసుకున్నాను. భయం మాత్రం అంతకు చాలా ముందే, నాగల్‌గిద్ద దగ్గర మా చేలో నేర్చుకున్నాను.

ఆ ఏడు వాన ఒకసారి మురిపించి పోయింది. మోకాలెత్తు కూడా లేని జొన్న వాడి ముడుచుకుంది. మా పాడిబర్రె తలుగు తెంపుకుని చేలో పడి నాలుగు బుక్కలు మేసిందో లేదో, వణికి, నోట నురగతో కూలింది. నాయనమ్మ బెల్లం నీళ్ళు పోయబోతే మింగలేదు. ఎగిరెగిరి పడుతున్న దాని డొక్కనే చూస్తున్న మేమంతా ఎందుకో ఒక్కసారి చెల్లె వైపు తిరిగాం. నాలుగేండ్లది. గట్టు మీద కూర్చుని లేత జొన్న మొవ్వ నములుతోంది. పెదాల మీద పచ్చటి చొంగ.

అమ్మ దాని నోట్లో వేలు పెట్టి పిప్పి గుంజి, చంకన వేసుకుని ఖేడ్ దవాఖానకని బస్సుకు ఉరికింది. వద్దనే తెలివి ఎవరికీ లేక నేనూ ఎక్కాను. దారి పొడుగునా అమ్మ దాని తొడ గిచ్చుతూనే ఉంది. "అమ్మా, గిచ్చకే," అని అది ఏడుపు. "ఏడ్వు బిడ్డా, జర గట్టిగ ఏడ్వు. ఏడుస్తున్నవంటే ఉన్నవన్నట్టే." కండక్టర్ "ఏందమ్మా, పోరిని సంపుతవా?" అంటే, "బండి జల్దీ పోనియ్యమను, లేకుంటే నిన్ను గిచ్చుత," అంది అమ్మ. ఎవరూ నవ్వలేదు. చెల్లె ఏడుపు ఆపినప్పుడల్లా నేను వంగి దాని ముఖంలోకి చూసేదాన్ని. మధ్యలో అది "బర్రె లేసిందా?" అని అడిగింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

దవాఖానలో కక్కించి, సాయంత్రం దాకా ఉంచుకుని, రసం కొద్దిగానే మింగిందని పంపారు. ఇంటికొచ్చేసరికి కొట్టంలో తెగిన తలుగు ఒక్కటే ఉంది. నాయనమ్మ జొన్నరొట్టె పెడితే చెల్లె ముట్టలేదు. "ఇది గా జొన్ననే గదా?" అన్నాను నేను. ఎప్పుడూ నా నోరు మూయించే నాయనమ్మ ఆ పూట కసరలేదు. రొట్టె తుంచి, మా ఎదురుగా తిని, నోరు తెరిచి చూపించింది. "సూడుర్రి. సచ్చిన్నా?"

ఆమె మొలకల అంబలి కూడా చేసేది. కానీ మొలకెత్తిన జొన్నలను ఎండబెట్టి, మొలకలన్నీ నలిపి రాల్చి, వేయించి మరీ తిరగట్లో విసిరేది. ఎందుకని అడిగితే "మా అత్త గట్లనే చేసేది" అనేది. ఆ అత్తకు ఎవరు చెప్పారో, అంతకు ముందు ఏ ఇంట్లో ఏ పిల్ల పోతే అది తెలిసిందో ఎవరికీ గుర్తులేదు.

ఇదంతా విని నా బిడ్డ గాజుగిన్నె కడిగి పెట్టి, "మరి ఇయ్యాల రొట్టెలు చెయ్యవా?" అంది. చేశాను. ఎప్పటిలాగే మొదటి ముక్క నేను తిని, కాస్త ఆగి ఆమె కంచంలో వేశాను. ఇన్నేండ్లూ అది నా ఆకలి అనుకుందట. జొన్న తన విషాన్ని ఒక్క పంటకాలంలో మరిచిపోతుంది. నాకు ఒక జీవితం చాలేటట్టు లేదు.