ఎల్లారెడ్డి అనుకుని ఎక్కిన బస్సు

ఎనభైల నాటి మాట. మావారికి ఎల్లారెడ్డిలో ఉద్యోగమొస్తే, చంటిపాపతో గుంటూరు నుంచి మొదటిసారి ఒంటరిగా బయల్దేరాను. కామారెడ్డిలో బోర్డు మీద ‘ఎల్లారెడ్డి’ వరకే చదివి గబగబా బస్సెక్కేశాను. రద్దీలో ఆలస్యంగా నా దగ్గరికొచ్చిన కండక్టర్, “ఇది ఎల్లారెడ్డిపేట బస్సమ్మా! ఎల్లారెడ్డి ఆ దిక్కుంటది” అన్నాడు.

పొద్దుగూకుతోంది. పాప ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది. ఎవరిని నమ్మాలో తెలియక ఏడ్చేశాను.

వెనక్కి వెళ్లే బస్సు కోసం దారిలోని మాచారెడ్డిలో దిగితే, పక్క సీట్లోని ముస్లిం అవ్వ కూడా నా వెనకే దిగింది. ఆమె ఊరు ఇంకా ముందుందట.

“ఏడ్వకు బిడ్డా. నిన్ను కామారెడ్డి బస్సు ఎక్కిచ్చినంకనే నేను పోత” అంది. బస్సు వచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు.

ఆ రాత్రి క్షేమంగా ఎల్లారెడ్డి చేరాను. ఇప్పటికీ బస్సులో బెదురుచూపుల ఆడపిల్ల కనిపిస్తే, “ఎక్కడికి తల్లీ?” అని నేనే ముందు పలకరిస్తాను.