గుప్పిట్లో మట్టి

రెండువేల మూడో నాలుగో, సంక్రాంతి ముందు. చెరుకు తోటకు నీళ్లు కట్టి అలాగే వచ్చి ఉయ్యూరులో బందరు బస్సెక్కాను. పక్క సీటాయన ఒళ్లో విమానాశ్రయం చీటీ ఇంకా ఊడని సంచి ఉంది. ఆయన నా చెప్పులకంటిన నల్లమట్టినే చూస్తున్నాడు.

"ఇంత మట్టితో దీవి మీదికి దిగనివ్వరండీ," అన్నాడు.

నాకర్థం కాలేదు. ఆయనకి దక్షిణ ధ్రువం దగ్గరి మంచు దీవుల్లో జంతువులను చూపించడానికి టూరిస్టులను తిప్పే ఓడలో పనట. ఒక దీవి గడ్డిగింజ ఇంకో దీవిలో పడకూడదని, దిగే ముందు అందరి బూట్లూ బ్రష్షుతో తోమి మందునీళ్లతో కడగాలి. ఆరేళ్లుగా అదే ఆయన డ్యూటీ.

"పెంగ్విన్లను చూశారా?" అని సరదాగా అడిగాను.

"దూరం నుంచేనండీ. మేం దిగం." మళ్లీ ఆయనే అన్నాడు: "అక్కడుండగానే మా ఆవిడ పోయిందని ఫోనొచ్చిందండీ. ఓడ ఒడ్డుకు చేరి, నేనిక్కడికి వచ్చేసరికి పద్దెనిమిది రోజులు. మా సాయిబుల్లో పోయిన రోజే ఖననం చేసేస్తారు. వచ్చినవాళ్లంతా తలా మూడు గుప్పిళ్ల మట్టి వేశారంట. నేనే వెయ్యలేదండీ."

"ఊరుకోండి," అన్నాను. ఆ మాటకి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆయన వంగి, నా చెప్పు అంచునున్న మట్టిని గోటితో గీకడం మొదలుపెట్టాడు.

"ఏంటండీ ఇది!" అని కాలు లాక్కున్నాను.

"అలవాటండీ," అన్నాడు.

గీకిన మట్టిని కిటికీలోంచి పారేస్తాడనుకున్నాను. పారెయ్యలేదు. బందరులో దిగేటప్పుడు కూడా ఆ గుప్పిలి మూసే ఉంది.