కలలో తాగిన కాఫీ

ఓబళప్ప మేష్ట్రుకు ఒకటే జబ్బు. ఎవరింటి గడప తొక్కినా నిద్రపోతారు. తరగతిలో కాదు, జట్కాబండిలో కాదు, పెద్దమనుషుల ఉపన్యాసాల్లో కూడా కాదు. పరాయి ఇంట్లో చాప పరిచారంటే మాత్రం గోడకు వీపు ఆనించడం, టోపీ కళ్ళమీదికి జార్చడం, గురక. అంతే!

ఇంతకీ ఆయన ఉద్యోగం ఏమిటనుకున్నారు? ఇళ్ళకు వెళ్ళి జనం కష్టసుఖాలు ఎలా కనుక్కోవాలో మాకు నేర్పడం! యుద్ధం ముగిసినా రేషను ముగియని రోజులవి. బెంగుళూరులో సమాజసేవకులను తయారుచేస్తామని కొత్తగా పెట్టిన తరగతిలో నేనూ చేరాను. పొద్దున పాఠాలు, మధ్యాహ్నం కబ్బన్‌పేట నేతగాళ్ళ ఇళ్ళు. సన్నటి తుంపర పడుతూ, ఇంటింటా మగ్గాలు ఒకే లయలో ఆడుతూ ఉంటే ఆ వీధి పట్టపగలే కలలా ఉండేది. నాకూ కళ్ళు వాలిపోయేవి. కానీ నేను విద్యార్థినిని, నిద్రపోయే అధికారం మేష్ట్రుది.

ఆయన నిద్ర ఒక ఎత్తు, లేచాక చెప్పే కల ఒక ఎత్తు.

“సొన్నమ్మా, కలలో నువ్వు పెట్టిన ఓళిగ తింటి గదమ్మా! నెయ్యి మోచేతిదంకా కారె!”

“నేనెప్పుడు పెడితి మేష్ట్రూ?” అని ఆ ఇంటావిడ సొన్నమ్మ ముసిముసిగా నవ్వేది.

“ఇప్పుడే! కడుపు నిండిపోయినాది. ఇంక మంచినీళ్ళు గూడా పట్టవు.”

సొన్నమ్మ ఇంట్లో ఓళిగ, అంటే బొబ్బట్టు. ఇంకో ఇంట్లో రాగిముద్ద, ఉప్పుసారు. మరో ఇంట్లో మసాలావడ. ఆయన బొజ్జంతా కలల్లో తిన్నదేనని మా తరగతిలో అనుకునేవాళ్ళం.

ఈ సంగతి మా తరగతి నడిపే కమిటీ సెక్రెటరీ మునినారాయణప్పగారి చెవిన పడింది. ఆయన కోటుకే కాదు, మొహానికీ ఇస్త్రీ చేసుకుని వచ్చే రకం.

“రేపు నేనూ వస్తా ఉండా. ఒక్క గురక వినబడితే ఈ క్లాసుకు ఇంకో మేష్ట్రు వస్తాడు” అనేశారు.

నేను మేష్ట్రు దగ్గరికి పరిగెత్తాను. ఆయన లేని తరగతి ఎవరికి కావాలి?

“మేష్ట్రూ, మీకు దండం పెడతా. రేపొక్కరోజు మేలుకోండి.”

“కండ్లలో పుల్లలు పెట్టుకొనైనా మేలుకుంటా, సుశీలమ్మా!”

మర్నాడు పాపక్క ఇంట్లో చాపమీద ముగ్గురం కూర్చున్నాం. మేష్ట్రు గుడ్లగూబలా కళ్ళు విప్పుకుని ఉన్నారు. సెక్రెటరీగారు ఆయన కళ్ళనే కాపలా కాస్తున్నారు.

“నూలు సరిగ్గా వస్తా ఉండాదా, పాపక్కా?” అని మేష్ట్రు అడిగారు.

“ఆఁ, వస్తా ఉండాది సామీ” అంటూనే పాపక్క లేచింది. మనసు మాటల్లో లేదు. పొయ్యి దగ్గరికెళ్ళి చక్కెర డబ్బా మూత తీసి, చూసి, చప్పుడు కాకుండా మూసింది. ఖాళీ లోటా ఒకటి కొంగుచాటున దాచుకుని వెనక తలుపువైపు నడిచింది. పక్కింట్లో అడిగి తేవడానికి! ఇంటికొచ్చినవాళ్ళకు కాఫీ ఇవ్వకపోతే ఆమెకు తలవంపులు. వద్దంటే, మా ఇంట్లో తాగరా అని ఇంకా నొచ్చుకుంటుంది.

మేష్ట్రు లోటాను చూశారు. సెక్రెటరీగారిని చూశారు. టోపీ జార్చేశారు.

గుర్‌ర్‌ర్!

ఓరి నా మేష్ట్రూ! నిద్రపోయేవాణ్ణి లేపి కాఫీ ఎవరిస్తారు? ఇన్నాళ్ళ నిద్రకూ అర్థం అప్పుడు తెలిసింది నాకు. ఆయన మీద ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేను. వెంటనే నేనూ కళ్ళు మూశాను, కొంచెం సందు ఉంచుకుని.

పాపక్క ఆగింది. కానీ సెక్రెటరీగారు మెలకువగానే ఉన్నారాయె! లోటా ఇంకా కొంగులోనే ఉంది. మేష్ట్రును కసరడానికి నోరు తెరిచిన పెద్దమనిషి ఆ లోటాను చూశారు, మూసిన డబ్బాను చూశారు. మొహంలో ఇస్త్రీ నలిగింది. తెరిచిన నోటిని ఆవులింతగా మార్చి, కోటుకు సున్నం అంటుతుందని కూడా చూడకుండా గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నారు.

లోటా గూట్లోకి వెళ్ళింది. మగ్గం మళ్ళీ ఆడింది. బయట తుంపర, లోపల టకటక. అందరం ఎంతసేపు అలా తేలిపోయామో తెలియదు.

మేష్ట్రు ఒళ్ళు విరుచుకున్నారు. “కలలో నీ కాఫీ తాగితినమ్మా పాపక్కా! ప్రాణం లేచొచ్చినాది.”

సెక్రెటరీగారు గొంతు సవరించుకున్నారు. “నేనూ తాగితి. చక్కెరే ఒకింత తక్కువైనాది.”

పాపక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “మళ్ళా వచ్చినప్పుడు ఇంకొంచెం ఏస్తాలే సామీ!”

వీధిలోకి వచ్చి సెక్రెటరీగారు కోటు సున్నం దులుపుకున్నారు.

“రేపు ఎవరింటికి పోయేది, మేష్ట్రూ?”

“సొన్నమ్మ ఇంటికి సార్. ఆకలి పెట్టుకొని రాండి, ఓళిగలుంటాయి.”