పశువులు నడవని బాట

కొత్తగూడ దాటి అడవి మొదలయ్యే చోట మా తండా. ఇంట్లో మాది లంబాడీ మాట. అందరికీ తెలియాలని మావాళ్ళ మాటలను కూడా ఇక్కడ తెలుగులోనే చెబుతున్నాను.

మాకు ఒక్కో ఇంటికి కొన్ని ఇప్పచెట్లు ఉండేవి. కాగితం మీద కాదు, మాట మీద. మా అత్త వంతుకు వాగు ఒడ్డున ఒక పెద్ద చెట్టు. ఎండలు ముదిరే ముందు ఇప్పపువ్వు రాలుతుంది. కింద ఎండుటాకు పరచుకుని ఉంటే ఏరుకోవడానికి పువ్వు కనపడదు. అందుకని పువ్వు మొదలవక ముందే చెట్టు కింద ఆకు కాల్చాలి. తెల్లవారి గాలి లేనప్పుడు అత్త నిప్పు పెట్టేది. మూడు వైపులా పచ్చి కొమ్మలతో కొట్టి మంటను ఆపేవాళ్ళం. నాలుగో వైపు ఆపే పని లేదు, అటు పశువులు పోయే బాట. వందల గిట్టలు తొక్కీ తొక్కీ అక్కడ నున్నటి మట్టే తప్ప ఆకు నిలిచేది కాదు. మంట అక్కడికొచ్చి తనంతట తనే చచ్చేది.

తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న ఆ రోజుల్లో అడవి శాఖవాళ్ళు ఆ బాటను తీసుకున్నారు. పట్నం నుంచి వచ్చేవాళ్ళు జంతువులను, పిట్టలను చూస్తూ నడవడానికట. వెదురుతో కంచె కట్టారు, కూర్చోవడానికి గడ్డి పందిరి వేశారు, చెట్లకు పేర్లు రాసి బోర్డులు తగిలించారు. పశువులు మాత్రం అటు రాకూడదన్నారు.

కాపలాకు పక్క ఊరి మనిషినే పెట్టారు. ఆయన మా చెట్టుకు పేరు, నంబరు ఉన్న రేకు బిళ్ళ కొడుతుంటే అత్త నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"మా చెట్టుకు నంబరేందిరా? బడికి తోలుతరా ఏంది?"

"పట్నపోళ్ళకు తెల్వాలె గదా అవ్వా, గిది ఇప్పచెట్టని."

"తెల్వకపోతే నన్నడగమను. నడిచెటందుకు గూడ బాట గావాల్నా వాళ్ళకు? కాళ్ళు లేవా?"

"నువ్వు కూలికి నడుస్తవ్, వాళ్ళు షికారుకు నడుస్తరు. జర పక్కకు జరుగు అవ్వా, సుత్తె తగుల్తది."

ఆ బాట వల్ల మా ఇంట్లో బాగుపడింది మా మరిది ఒక్కడే అనుకున్నాం. ఇంటర్ అయ్యి పోలీసు ఉద్యోగానికి తయారవుతున్నాడు. రోజూ పొద్దున్నే ఆ చదును బాట మీద పరుగెత్తేవాడు. వాడికి ఆ కొలువు వస్తే ఇల్లు గట్టెక్కుతుందని అందరం వాడి మీదే ఆశ పెట్టుకున్నాం. తెలంగాణ వస్తే కొలువులు మనవేనని వాడు సభలకూ పోయేవాడు. అత్త వాడి నోటికి రాగి జావ అందిస్తూ, "తెలంగాణ వచ్చేదాక కడుపు ఆగదు, తాగు" అనేది.

ఒక రోజు గూడూరు రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని తిని, బండ్లు ఆపడం. మగవాళ్ళంతా చీకటితోనే వెళ్ళారు. మరిది కూడా ఆ పూట పరుగు మానేసి బియ్యం మూట ఎత్తుకుని పోయాడు.

ఆ తెల్లవారే అత్త చెట్టు కింద ఆకు కాల్చింది. ఎప్పటిలాగే మూడు వైపులా మేం ఆడవాళ్ళం కొమ్మలు పట్టుకుని నిలబడ్డాం. బాట వైపు ఎవరూ చూడలేదు. పశువులు నడవక ఆ బాట చెట్టు దగ్గర మడమ లోతు ఆకుతో నిండి ఉందని ఎవరికి తట్టింది? మంట బాట దగ్గర ఆగలేదు, దాటింది. వెదురు కంచె పటపటా పేలింది. మేం ఉరికి వెళ్ళేసరికి గడ్డి పందిరి అంటుకుంది. అరిస్తే వచ్చే మగమనిషి తండాలో లేడు. కొమ్మలతో కొట్టీ కొట్టీ, వాగు నీళ్ళు బిందెలతో పోసీ, పొద్దెక్కాక ఆపగలిగాం. అత్త చీర కొంగు కాలింది, అరచేతులు బొబ్బలెక్కాయి.

సాయంత్రం అడవి ఆఫీసరు జీపులో వచ్చాడు. మగవాళ్ళు అప్పటికి తిరిగొచ్చారు. రోడ్డు దగ్గర ఎవరో బస్సు మీద రాళ్ళు వేశారని, వంటావార్పుకు పోయిన కుర్రవాళ్ళ కోసం పోలీసులు వెతుకుతున్నారని వాళ్ళు చెప్పారు.

ఆఫీసరు మరిదిని పిలిచాడు. "రోజూ పొద్దుగాల ఈ బాట మీద ఉరికేది నువ్వే గదా? ఇయ్యాల ఎక్కడున్నవ్?"

వాడు చెప్పేలోపే అత్త కాలిన చేతులు ముందుకు చాపింది. "నేను పెట్టిన సారూ. మా చెట్టు కింద ఆకు కాల్చిన, గంతే."

"కొడుకును కాపాడుకుంటున్నవా ముసల్దానా? మంటలార్పితే చేతులు కాలవా?"

తండా పెద్దమనిషి మా మరిదిని పక్కకు తీసుకెళ్ళాడు. నేను దడి వెనకే ఉన్నాను, అన్నీ వినపడుతున్నాయి.

"రోడ్డు మీదున్ననంటే బస్సు కేసుల ఇరికిస్తరు. పోలీసు నౌకరి అడిగెటోని మీద పోలీసు కేసుంటే ఇంకేమన్న ఉన్నదా? అడివి కేసు చిన్నది బిడ్డా. జుర్మానా కట్టి బయటపడొచ్చు."

"నేను రాయి ముట్టలే కాకా. గంటె పట్టుకున్న, అన్నం కలిపిన."

"గంటె పట్టినవో రాయి పట్టినవో వాళ్ళు చూస్తరా?"

వాడు జీపు దగ్గరకు నడిచి, "నేనే పెట్టిన సార్" అన్నాడు. అత్త వాడి చొక్కా పట్టుకుని లాగుతుంటే నలుగురం విడిపించాం.

కేసు చిన్నది కాలేదు. జంతువుల కోసం కాపాడే అడవి కాబట్టి జుర్మానాతో పోదన్నారు. వాడు జైలుకు పోయి, జామీను మీద వచ్చాడు.

తర్వాత తెలంగాణ వచ్చింది. తండాలో డప్పులు కొట్టారు, రంగులు చల్లుకున్నారు. రోడ్ల మీద ఉద్యమం చేసినవాళ్ళ కేసులు ఎత్తేశారు. బస్సు కేసులో ఇరికిన మా పక్క తండా కుర్రవాడు ఆ తర్వాత కానిస్టేబుల్ అయ్యాడు. మా మరిది పరుగులో అతనికంటే ముందు వచ్చాడు, పరీక్ష కూడా గట్టెక్కాడు. అడవి కేసు మాత్రం అట్లాగే ఉంది. దాని దగ్గరే వాడిని ఆపేశారు.

అత్త ఊరుకోలేదు. తనే ఒప్పుకుంటానని ఒక వాయిదాకు మాతో బయలుదేరింది. మానుకోట కోర్టు దగ్గర వకీలు ఆమె అరచేతుల మచ్చలు చూశాడు, జాలిపడ్డాడు. "ఆయన అప్పుడే ఒప్పుకున్నడు గదమ్మా. ఇప్పుడు నువ్వొచ్చి చెప్తే నమ్ముతరా?" అన్నాడు.

తిరుగు బస్సులో అత్త కొడుకు వైపు తిరిగింది.

"ఆ పొద్దు రోడ్డు మీద అన్నం కలిపిననని చెప్తే అయిపోవు గదరా."

"అప్పుడు గది తప్పు యాడీ" అన్నాడు వాడు. అమ్మను మేం యాడి అంటాం. "ఇప్పుడు గొప్పయింది."

గూడూరులో వాడు దిగిపోయాడు, మిర్చి బస్తాలు మోసే పని ఉందని. అత్తను నేనే ఇంటికి తీసుకొచ్చాను.