లేదనడం చేతకాక

మొన్న తిరుపతిలో మా వీధి సూపర్‌మార్కెట్‌కు వెళ్లి, నేను వాడే పళ్లపొడి ఉందా అని అడిగితే, బిల్లు కొట్టే అమ్మాయి తలైనా ఎత్తకుండా "లేదు" అనేసింది. అంగళ్ల మధ్య పెరిగిన నా ఈడువాళ్లకు ఆ మాట నన్నెందుకంత ఉలిక్కిపడేలా చేసిందో తెలుస్తుంది. చిత్తూరులో మా నాయన అంగట్లో ఆ మాటే నిషేధం. కందిపప్పు అయిపోతే "నిండుకునిందమ్మా, పెసరపప్పు కొత్తది వచ్చుండాది, సూడు" అనాలే తప్ప లేదనకూడదు. ఒకసారి నేను నోరు జారితే, "ఆ మాట లచ్చిమి ఇంటాదిరా, ఇని గడప దిగేస్తాది" అని నాయన బేరగాళ్ల ముందే మొట్టికాయ వేశాడు.

ఆ మొట్టికాయ ఎంత లోతుకు దిగిందంటే, సైన్సు చదివి, ఊరి బయట ఒక ప్రయోగశాలలో కుర్ర శాస్త్రవేత్తలకు ఎన్.ఎం.ఆర్. పద్ధతులు నేర్పే ఉద్యోగంలో కుదిరాక కూడా నా నోట ఆ మాట వచ్చేది కాదు. జీవకణం పైపొర కొవ్వులో కూరుకుని కొన్ని ప్రోటీన్లుంటాయి. వాటిని బయటికి తీసి, సబ్బులాంటి పదార్థంలో కరిగించి, సన్నటి గాజుగొట్టంలో పోసి పెద్ద అయస్కాంతంలోకి దింపుతాం. సబ్బు నప్పితే తెర మీద ముగ్గు చుక్కల్లా విడివిడిగా చుక్కలు పడతాయి, నప్పకపోతే అన్నీ నడిమధ్యన ముద్దగా అంటుకుపోతాయి. ఆ చుక్కలను చదివి ప్రోటీన్ రూపం పట్టుకోవడం నేర్పడమే నా పని.

పలమనేరు వైపు నుంచి వచ్చిన ఒక శిష్యురాలు, నెలల తరబడి కష్టపడి తీసిన ప్రోటీన్‌లో సగం గొట్టంలో పోసి, సగం ఫ్రిజ్‌లో దాచింది. అక్కడైనా అది ఎక్కువ రోజులు నిలవదు. ఈ శిక్షణలో చుక్కలు పడకపోతే పరిశోధనాంశం మార్చుకోవాలని గైడు ముందే చెప్పి పంపాడట. ఆమె కోసం, యంత్రం చూసే మా మిత్రుడితో గీచిగీచి బేరమాడి, ఆయన ఇస్తానన్నదానికి రెట్టింపు సమయం సాధించాను. "ఏమప్పా, సంతలో గొర్రెను బేరమాడినట్టు ఆడతాండావే!" అని ఆయన నవ్వితే, అదేదో బిరుదైనట్టు మీసం దువ్వుకున్నాను కూడా.

తెర మీద పడింది ముద్ద. మొదటి చూపుకే నాకు తెలిసిపోయింది.

"సార్, ఉండాదా, లేదా? లేదంటే చెప్పండి, ఆ సగాన్ని ఇప్పుడే ఇంకో సబ్బులోకి మార్చుకుంటా" అని ఆమె సూటిగానే అడిగింది. నేనేమో, "తొందరపడితే ఎట్లమ్మా, యంత్రాన్ని నడవనీ, సన్నగా వస్తాండాది" అన్నాను. లేదనడం చేతకాలేదన్నది సగం నిజం. అంత బేరమాడి రాబట్టిన సమయాన్ని, అక్కర్లేదని మిత్రుడికి తిరిగి అప్పగించడానికి ప్రాణం ఒప్పలేదన్నది మిగతా సగం. తెచ్చుకున్న సరుకు వాపసిచ్చిన చరిత్ర మా వంశంలో లేదు.

ఆమె నమ్మింది. మా వంతు ముగిశాక ఫ్రిజ్‌లోని సగాన్ని తీసి చూస్తే, విరిగిన పాలలా తెల్లటి పలుకులు తేలుతున్నాయి. దాన్ని వెలుతురుకెత్తి పట్టుకుని, "ఫస్టే తెలుసు కదా సార్ మీకు?" అంది. అప్పుడైనా అవునని ఉండాల్సింది. "ఇంకో రకం సబ్బుండాది, సూద్దామమ్మా" అన్నాను, అచ్చం అంగడి గొంతుతో. కరిగించడానికి ప్రోటీనేది? చుట్టూ ఉన్న శిష్యులు కిసుక్కున నవ్వారు. ఆమె నవ్వలేదు. గొట్టాలు శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, నాకు నమస్కారం పెట్టి బస్సుకు వెళ్లిపోయింది. తిట్టి పోయి ఉంటే ఇన్నేళ్లకు మరిచిపోయేవాణ్ణేమో. ఇది రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

ఆ ప్రోటీన్‌ను ఆమె మళ్లీ ముట్టలేదు. శ్రీ సిటీలో ఏదో ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసుకుంటోంది, ఎదురుపడితే నా ఆరోగ్యం అడుగుతుంది, చదువు ఊసెత్తదు. ఇప్పటి పిల్లలు ముద్ద పడగానే "పోయింది సార్" అని వాళ్లే చెప్పేసి, టీ తాగొచ్చి మళ్లీ మొదలుపెడతారు. చాలా ప్రోటీన్ల రూపం గొట్టమే లేకుండా కంప్యూటరే ఊహించి గీసి పెడుతోంది. ఆశ చూపడమే దయ అనుకున్న మా తరం గురువుల అవసరం తీరిపోయింది. ఉన్నదున్నట్టు చెప్పే ధైర్యం ఈ వయసులో నాకు కాస్త వచ్చినట్టే ఉంది. వచ్చి అడిగేవాళ్లే లేరు.